"నిపా అని మీరు చెప్పలేదు కదా మేడమ్"

2023 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం. స్కిల్ ల్యాబ్‌లో మంచం మీద బొమ్మను పడుకోబెట్టి, బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం అమ్మాయిని పిలిచి అడిగాను. "క్యాజువాలిటీకి ఒకాయన్ని మోసుకొచ్చారు. మూడు రోజులుగా జ్వరం, తలనొప్పి. పొద్దున్నుంచి వాంతులు. ఇప్పుడు పిలిస్తే సరిగా పలకట్లేదు. దగ్గుతున్నాడు కూడా. డ్యూటీలో నువ్వే ఉన్నావు. కానీయ్."

అమ్మాయి చురుకైనదే. చకచకా వెళ్లి బీపీ కఫ్ చుట్టింది, చంకలో థర్మామీటర్ పెట్టింది, బొమ్మ మొహం మీదికి వంగి "అంకుల్, అంకుల్, కళ్లు తెరవండి" అంది. మాస్కు లేదు, గ్లోవ్స్ లేవు. చెయ్యి కడిగింది లేదు. రెండు రోజుల ముందే నిపా వైరస్ మీద నేను పెట్టిన పరీక్షలో ఇరవైకి పంతొమ్మిది తెచ్చుకున్న పిల్ల.

"మాస్కేదమ్మా?" అన్నాను.

"నిపా అని మీరు చెప్పలేదు కదా మేడమ్!"

మిగతా పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం కాబట్టి. నేను చెప్పిన పాఠంలో పేషెంటు నుదుటి మీద రోగం పేరు ముందే రాసి ఉంది.

అసలు ఆ క్లాసు ఎలా మొదలైందో చెప్పాలి. ఆ నెల రెండో వారంలో కేరళలోని కోజికోడ్‌లో నిపా మళ్లీ వచ్చిందని టీవీల్లో హోరెత్తింది. అప్పుడు మొత్తం ఆరుగురికి తేలింది, ఇద్దరు చనిపోయారు. మా ప్రిన్సిపల్ మేడమ్ పిలిచి, "అవేర్‌నెస్ క్లాసు ఒకటి తీసుకోండి, గంట చాలు, ఫోటోలు మాత్రం మర్చిపోకండి" అన్నారు. నేను గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. కొత్త సిలబస్‌లో మైక్రోబయాలజీతో పాటు ఇన్ఫెక్షన్ కంట్రోల్ కూడా కలిపేసి పెట్టారు కాబట్టి ఆ క్లాసు నా నెత్తినే పడింది. రాత్రి కూర్చుని నలభై రెండు స్లైడ్లు చేశాను. వైరస్ కుటుంబం పారామిక్సో, అందులో హెనిపా. ఆశ్రయం పళ్లు తినే పెద్ద గబ్బిలాలు. సోకినప్పటి నుంచి లక్షణాలు కనబడటానికి మామూలుగా 4 నుంచి 14 రోజులు. మరణాలు నూటికి 40 నుంచి 75. టీకా లేదు. పరీక్ష ఆర్‌టీ-పీసీఆర్. అరవై మంది బుద్ధిగా రాసుకున్నారు. ఫోటోలు బాగా వచ్చాయి.

ఆ ఫోటోల్లో నేను స్క్రీన్ ముందు నిలబడి గబ్బిలాన్ని కర్రతో చూపిస్తున్నాను. ఇప్పటికీ కాలేజీ నోటీసు బోర్డులో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా బొమ్మ మీదికి వంగిన ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దానికి వేరే కారణం కూడా ఉంది. మా పుట్టిల్లు వరంగల్ వైపు. 2003లో నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో ఏడాది, పిల్లల వార్డులో పోస్టింగు. ఎండలు ముదిరి వానలు మొదలయ్యే రోజులు. పొద్దున జ్వరమని తల్లి ఎత్తుకొచ్చిన పిల్లాడికి మధ్యాహ్నానికి వాంతులు, సాయంత్రానికి ఫిట్స్, తెల్లారేసరికి మంచం ఖాళీ. ఒకరు కాదు, ఇద్దరు కాదు. మెదడువాపే అన్నారు కొందరు. మా చిన్నప్పుడు మెదడువాపు వస్తోందని పందుల్ని ఊరవతలకు తరిమిన సంగతి అందరికీ గుర్తుంది కాబట్టి, వార్డు బయట తల్లులు కూడా పందుల మాటే మాట్లాడుకునేవారు. అది కాదని తర్వాత తేలింది. పుణే వైరాలజీ సంస్థవాళ్లు చండీపురా వైరస్ అన్నారు. 1965లో నాగపూర్ దగ్గర చండీపురా అనే చోట మొదట దొరికిన వైరస్ అది, ఇసుక ఈగలు మోస్తాయి. ఆ ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు సోకితే 183 మంది పోయారని తర్వాత చదివాను.

మనిషి నుంచి మనిషికి అంటుకునే రకం కాదు కాబట్టి మేం బతికిపోయాం. కానీ అది అంటుకోదని ఆ రోజుల్లో మాకు తెలియదు. మా సిస్టర్ ఇన్‌ఛార్జి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంజెక్షన్లు చేయడం నాకు గుర్తే. నేను అదీ చేయలేదు. ఒక పిల్లాడి నోట్లో నురగ నా చేతి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ జేబులో పెట్టుకుని హాస్టల్‌కు వెళ్లి అన్నం తిన్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత, అదే నేను, నలభై రెండు స్లైడ్లలో ఒక్క దాంట్లో కూడా ఈ సంగతి పెట్టలేదు. రోగం పేరు తెలిశాక చేయాల్సినవన్నీ చెప్పాను. పేరు తెలియక ముందు ఆ మంచం పక్కన నిలబడే నర్సు ఏం చేయాలో మాత్రం వదిలేశాను.

వారం తర్వాత ప్రిన్సిపల్ మేడమ్‌ని మూడు మధ్యాహ్నాలు అడిగాను. "అయిపోయిందిగా నిపా?" అన్నారు. "అవలేదండీ, నేనే సరిగా చెప్పలేదు" అన్నాను. ఆవిడ కాసేపు నావైపు చూసి సరే అన్నారు. మళ్లీ ఫోటోల మాట ఎత్తలేదు, అందుకు కృతజ్ఞురాలిని.

మొదటి మధ్యాహ్నం స్లైడ్లు లేవు. రోగం పేరు చెప్పకుండా మూడు కథలు చెబుతాననీ, మధ్యలో ఎక్కడైనా "నేనిక్కడ మాస్కు పెట్టుకుంటాను" అనిపిస్తే చెయ్యెత్తాలనీ చెప్పాను.

మొదటిది మలేషియాలో, 1998 చివర. పందుల పెంపకందార్లకు జ్వరం, మెదడువాపు. పందులున్నాయి, మెదడువాపు ఉంది, ఇంకేం, పందుల నుంచి దోమలు మోసుకొచ్చే జపనీస్ ఎన్‌కెఫలైటిస్ అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. అయినా ఆగలేదు. టీకా వేయించుకున్నవాళ్లూ పడిపోతున్నారు, పిల్లల కంటే పందుల్ని పట్టుకుని పనిచేసే పెద్దవాళ్లే ఎక్కువ పడిపోతున్నారు. 1999 మార్చిలో కౌ బింగ్ చువా అనే శాస్త్రవేత్త ఒక రోగి నమూనాలోంచి కొత్త వైరస్‌ను పట్టుకునేదాకా అసలు సంగతి బయటపడలేదు. సుంగై నిపా అనే ఊరి రోగి నుంచి దొరికింది కాబట్టి ఆ ఊరి పేరే దానికి అంటుకుంది. అక్కడ 265 మందికి వచ్చి 105 మంది పోయారు, పది లక్షలకు పైగా పందుల్ని చంపారు. ఇక్కడ ఒక్కరూ చెయ్యెత్తలేదు. పందుల రోగమే కదా అనుకున్నారు.

రెండోది సిలిగురి, 2001. మన దేశమే, పశ్చిమ బెంగాల్. జ్వరంతో, మగతతో ఆస్పత్రిలో చేరినవాళ్లు, వాళ్ల తర్వాత వాళ్లను చూసిన సిబ్బంది, చూడ్డానికొచ్చిన బంధువులు. 66 మందికి వస్తే 45 మంది చనిపోయారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఆస్పత్రి సిబ్బందో, రోగుల్ని చూడ్డానికొచ్చినవాళ్లో. అది ఏ రోగమో అప్పుడు ఎవరికీ తెలియలేదు. దాచి ఉంచిన నమూనాల్ని తర్వాత పరీక్షిస్తే నిపా అని తేలింది, ఆ సంగతి ప్రపంచానికి తెలిసేసరికి 2006. "అంటే మేడమ్, ఆ నర్సులు ఏ జబ్బుతో పోయారో వాళ్ల ఇంట్లోవాళ్లకు అయిదేళ్ల దాకా తెలీదా?" అని వెనక బెంచీలోంచి ఒక గొంతు. తెలీదమ్మా అన్నాను. క్లాసు నిశ్శబ్దమైపోయింది. చేతులు అప్పుడు లేచాయి, ఒక్కొక్కటిగా.

మూడోది చెప్పడానికి మా కాలేజీలోనే పనిచేసే మలయాళీ ట్యూటర్‌ను పిలిచాను. ఆవిడది కోజికోడ్ జిల్లా, 2018 మేలో సెలవుకు ఇంటికి వెళ్లి ఇరుక్కుపోయిన మనిషి. పదేళ్లుగా మా దగ్గర ఉండి తెలుగు బాగానే మాట్లాడతారు కానీ, బాధ కలిగితే మలయాళం దొర్లుతుంది. ఆరోజు చాలానే దొర్లింది.

పేరాంబ్ర తాలూకా ఆస్పత్రికి జ్వరంతో ఒక యువకుడు వచ్చాడు. తర్వాత మెడికల్ కాలేజీకి మార్చారు, మే 5న చనిపోయాడు. అప్పటికి అది ఏమిటో ఎవరికీ తెలియదు. అదే ఇంట్లో ఇంకొకరు అదే లక్షణాలతో ఒక ప్రైవేటు ఆస్పత్రికి వచ్చినప్పుడు, ఒకే కుటుంబంలో ఇలా వరసగా ఏమిటని అక్కడి డాక్టర్లకు అనుమానం వచ్చింది. మణిపాల్‌లోని వైరస్ పరిశోధన కేంద్రానికి నమూనాలు పంపారు. పుణేలో కూడా ఖాయమయ్యేసరికి మే 20. మర్నాడు, 21న, పేరాంబ్రలో ఆ మొదటి రోగికి సేవ చేసిన నర్సు లినీ పుదుస్సేరి కన్నుమూసింది. ఇద్దరు చిన్న కొడుకులు. భర్త గల్ఫ్‌లో పనిచేసేవాడు. ఇక బతకనని తెలిసి, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకొమ్మని ఆయనకు నాలుగు ముక్కలు రాసి పెట్టింది. దహనం ఆలస్యం చేయకుండా వెంటనే చేసేశారు.

"ఆవిడ తప్పు చేసిందా?" అని ఆ ట్యూటర్ పిల్లల్ని అడిగింది. ఎవరూ పలకలేదు. "చేయలేదు. వచ్చిన జ్వరం పేషెంటును చూసింది. రోజూ మీరూ నేనూ చూసినట్టే." ఆ ఏడు అక్కడ రోగం అంటుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఆస్పత్రిలోనే అంటుకుంది. సీటీ స్కాన్ దగ్గర వరండాలో, పక్కన కూర్చున్నవాళ్లకు కూడా.

తర్వాత ఆవిడ చెప్పింది మేం ఎవరం ఊహించనిది. లినీ పోయాక పేరాంబ్ర ఆస్పత్రి నర్సుల్ని బస్సుల్లో పక్కన కూర్చోనివ్వలేదట, ఆటోలు ఎక్కించుకోలేదట. అది విన్నాక ముందు వరసలో ఒక అమ్మాయి మొహం ముడుచుకుంది. వాళ్లమ్మ ఆశా కార్యకర్త. కోవిడ్ మొదటి ఏడాది వాళ్ల వీధిలో పాలవాడు వాళ్లింటి ముందు ఆగకుండా వెళ్లిపోయేవాడని చెప్పింది. "మా అమ్మకి నేను నర్సింగ్ చేరడం ఇష్టంలేదు మేడమ్, అప్పట్నుంచీ" అంది. ఆరోజు క్లాసులో వైరస్ గురించి ఇంకేమీ చెప్పలేకపోయాను. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. గంట కొట్టాక కూడా పిల్లలు కూర్చునే ఉన్నారు.

రెండో మధ్యాహ్నం గబ్బిలాలతో మొదలైంది, నేను అనుకోని దారిలో. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి తరచూ చలికాలంలో నిపా వస్తుందనీ, అక్కడ ప్రధాన కారణం ఈత చెట్టుకు రాత్రి కట్టిన కుండలో పడే పచ్చి రసమనీ, గబ్బిలాలు ఆ రసాన్ని నాకి, అందులో ఉమ్మి, మూత్రం వదులుతాయనీ చెబుతున్నాను. ఒక పిల్ల లేచి నిలబడింది. తండ్రి గీత కార్మికుడు.

"మేడమ్, మా నాన్న లొట్టి దించేసరికి అందులో గబ్బిలం కనబడటం మామూలే. తీసి పారేసి వడగడతాడు. మరి మాకేం రాలేదే?"

మంచి ప్రశ్న, దాన్ని తోసేయకూడదు. మన దేశంలో ఇప్పటిదాకా నిపా వచ్చినవి కేరళలో, పశ్చిమ బెంగాల్లో. మన దగ్గర రాలేదు. అయితే కేరళ బయట కూడా కొన్ని రాష్ట్రాల గబ్బిలాల్లో దీని ఆనవాళ్లు దొరికాయి. ప్రతి గబ్బిలంలో వైరస్ ఉండదు, ఉన్నదానిలోనూ ఎప్పుడూ బయటికి రాదు. అంతవరకూ బాగానే చెప్పాను. ఆ తర్వాత నోరు జారాను. "పులిసిన కల్లులో ఉండదులే" అనేశాను, ఆ పిల్ల మొహంలో భయం చూసి, ఊరటగా ఉంటుందని.

ఇంటికెళ్లి చదివితే బంగ్లాదేశ్‌లో పులియబెట్టిన ఈతకల్లు తాగినవాళ్లకు కూడా సోకిన దాఖలాలున్నాయి. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఆ మాట వెనక్కి తీసుకున్నాను. పిల్లలకు టీచరు తప్పు ఒప్పుకోవడం వింతగా ఉంది, ఒకరినొకరు చూసుకున్నారు. ఇంతకీ బంగ్లాదేశ్‌లో కుండ మూతి చుట్టూ వెదురు బద్దల తడికె కట్టి గబ్బిలాన్ని రానివ్వకుండా చేస్తారని చెబితే, ఆ పిల్ల ఆదివారం ఇంటికెళ్లి వాళ్ల నాన్నకు చెప్పిందట. ఆయన "మోకు ముస్తాదు వేసుకుని చెట్టెక్కేది నువ్వా నేనా?" అన్నాడట. పెద్ద గబ్బిలాల్ని చంపేస్తే పోదా అని ఇంకొకరు అడిగారు. చెట్లకు అవి చేసే మేలు సరే, వాటిని వేటాడి చెదరగొడితే వైరస్ తగ్గుతుందన్న హామీ లేదు, ఒత్తిడికి గురైన గబ్బిలం ఇంకా ఎక్కువ వదులుతుందనే అనుమానమే ఉందని చెప్పాను. సగం కొరికిన పండు తినొద్దు, అంతే. జామకాయల కాలం కదా, దీని మీద చర్చ చాలాసేపే సాగింది. చిలక కొరికిన జామకాయే తియ్యగా ఉంటుందని వాదించినవాళ్లున్నారు.

ఆ తర్వాత అసలు పని, ఉజాలా.

పీపీఈ వేసుకోవడం పిల్లలకు వచ్చు. కోవిడ్ తర్వాత అందరికీ వచ్చు. విప్పడమే రాదు. విప్పేటప్పుడు అంటుకుంటుందని నోటితో చెబితే తలాడిస్తారు. అందుకని స్టోర్లో మిగిలిపోయిన గౌన్లు, అద్దాలు, తేదీ దాటిన మాస్కులు తెచ్చాను. పెద్ద కాలేజీల్లో చీకటిగదిలో మెరిసే పొడి వాడతారని విన్నాను, దాని ధర విన్నాక మా కాలేజీ సంగతి తెలుసు కాబట్టి ఊసెత్తలేదు. కిరాణా కొట్లో ఉజాలా సీసా కొన్నాను. అరకప్పు నీళ్లలో నాలుగు చుక్కల కంటే కాస్త ఎక్కువే కలిపి, పిల్లలు గౌను, మాస్కు, అద్దాలు, గ్లోవ్స్ అన్నీ వేసుకున్నాక, స్పాంజితో గ్లోవ్స్ మీద, గౌను చేతుల మీద, ఛాతీ మీద, మాస్కు ముందు భాగంలో అద్దాను. "ఇది పేషెంటు వాంతి. ఇప్పుడు ఒంటి మీద నీలం లేకుండా బయటికి రండి."

ఆరుగురిని ఒక జట్టుగా చేశాను. మొదటి జట్టులో ఒక్కరు కూడా బయటపడలేదు. ఒకరికి చెవి వెనక, ఒకరికి మెడ మీద, ఒకరికి బొట్టు పక్కన. గ్లోవ్స్‌ను వేళ్ల చివర పట్టి లాగుతారు, అది సాగి పటక్కున వదిలేసరికి చుక్కలు మొహాన పడతాయి. గౌను విప్పి గుండెకు హత్తుకుని మడత పెడతారు, ఇంట్లో చీర మడతపెట్టే అలవాటు. మాస్కును ముందు భాగం పట్టి కిందికి లాగి, గడ్డం కింద వేలాడేసి, ఊపిరి పీల్చుకుంటారు. కోవిడ్ మనకు నేర్పిన చెడ్డ అలవాటు ఇదొక్కటి చాలు. సెప్టెంబరు ఉక్కపోతలో ఇరవై నిమిషాలు గౌనులో ఉంటే ఎవరికైనా తొందరే, నాకు తెలుసు. ఆ తొందరలోనే రోగం.

అన్నిటికంటే ఎక్కువ నీలం ఎక్కడ దొరికిందో చెబితే నమ్మరు, సెల్‌ఫోన్ల మీద. జేబులో మోగింది, గ్లోవ్స్‌తోనే తీశారు.

పద్ధతి ఇలా పెట్టాం. ముందు గ్లోవ్స్. మొదటి చేతిది మణికట్టు దగ్గర బయటివైపు పట్టి తిరగేసి తీయాలి, రెండోది లోపల వేలు దూర్చి తిరగేయాలి. చేతికి శానిటైజర్. తర్వాత అద్దాలు, వెనక తాడు పట్టి, ముందుభాగం ముట్టకుండా. మళ్లీ శానిటైజర్. గౌను ముళ్లు విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ ఒంటికి దూరంగా పట్టుకోవాలి. మళ్లీ. గదిలోంచి బయటికి వచ్చాకే మాస్కు, అదీ వెనక తాళ్లు పట్టి, కళ్లు మూసుకుని. చివర సబ్బుతో నలభై సెకన్లకు తగ్గకుండా. నిపా చుట్టూ కొవ్వు పొర ఉంటుంది కాబట్టి సబ్బు దాన్ని చీల్చేస్తుంది. "అంత భయంకరమైంది లైఫ్‌బాయ్‌కి చస్తుందా మేడమ్?" అని ఒకరు. చస్తుంది. ఆ మాట పిల్లలకు నేను చెప్పిన మరణాల శాతాల కంటే బాగా పనిచేసింది.

ఒక్కరే విప్పకూడదు, ఎదురుగా ఇంకొకరు నిలబడి, ప్రతి మెట్టూ పైకి చదవాలి. ఇది పెట్టాక మూడో జట్టు నుంచి నీలం తగ్గింది. చివరి జట్టులో నలుగురు శుభ్రంగా వచ్చారు. హాస్టల్ వార్డెన్ మాత్రం బాత్రూమ్ గోడల మీద నీలపు చేతిముద్రలు చూసి మర్నాడు నా మీద ఫిర్యాదు చేసింది.

మూడో మధ్యాహ్నం సంగతి రాయడానికే అసలు ఇదంతా మొదలుపెట్టాను. మాస్కు పెట్టుకోవడం నేర్పాం, విప్పడం నేర్పాం. అడగడం ఎవరు నేర్పుతారు?

మా పిల్లలు పోస్టింగులకు వెళ్లే ఒక ఆస్పత్రిలో ఎన్‌95 మాస్కులు బీరువాలో ఉంటాయి. తాళం ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గర ఉంటుంది. ఇన్‌ఛార్జి సిస్టర్ తొమ్మిదింటికి వస్తారు. రాత్రి రెండింటికి వచ్చిన పేషెంటుకు ఈ సంగతి తెలియదు. మాస్కు అడిగిన విద్యార్థినిని "ఏంటమ్మా, ప్రాణం మీద అంత తీపా?" అన్న స్టాఫ్ నర్సును నేనే ఎరుగుదును. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడను కూడా ఇరవై ఏళ్ల కిందట ఎవరో అలాగే అని ఉంటారు. మన నర్సింగ్ చదువులో మొదటి రోజునుంచీ నేర్పేది తల వంచుకుని "ఎస్ సార్, ఎస్ సిస్టర్" అనడం. అలాంటి పిల్లను క్యాజువాలిటీలో నిలబెట్టి, డాక్టరుగారు "త్వరగా సక్షన్ పెట్టు" అని అరుస్తుంటే, "ఒక్క నిమిషం సార్, మాస్కు పెట్టుకుని వస్తాను" అనమంటే నోరు పెగులుతుందా?

పెగల్లేదు. డాక్టరు వేషం నేనే కట్టాను, అరిచాను. పదిమందిలో తొమ్మిదిమంది వట్టి చేతులతో పరిగెత్తారు. అడిగిన ఆ ఒక్క అమ్మాయి కూడా చెప్పింది "సారీ సార్, ఏమనుకోకండి సార్, మాస్కు ఉంటే బాగుంటుందేమో సార్" అని, మాట పూర్తయ్యేలోగా బొమ్మ చచ్చిపోయేంత పొడుగున. అందరం పడీపడీ నవ్వాం. తర్వాత కూర్చుని ఒకే వాక్యం ఖాయం చేసుకున్నాం. "జ్వరం, మగత, దగ్గు ఉన్నాయి సార్, మాస్కు వేసుకుని ముప్పై సెకన్లలో వస్తా." సారీ లేదు, ఏమనుకోకండి లేదు. కారణం, పని, ఎంతసేపు. ఒక్కొక్కరితో పదేసిసార్లు గట్టిగా అనిపించాను. పక్క క్లాసులో ఫార్మకాలజీ చెబుతున్న సార్ వచ్చి ఏం జరుగుతోందని అడిగారు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మొదటి క్లాసులో 40 నుంచి 75 శాతం అని చెప్పి పిల్లల్ని హడలగొట్టాను. ఆ అంకె అబద్ధం కాదు. కానీ దాంతోపాటు చెప్పాల్సింది చెప్పలేదు. నిపా కోవిడ్‌లా గాల్లో ఊరంతా చుట్టేది కాదు. దగ్గరగా ఉండి సేవ చేసినవాళ్లకు, ఉమ్మి, వాంతి, మూత్రం లాంటివి తగిలినవాళ్లకు అంటుతుంది. ఒక రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువమందికే పోతుంది కాబట్టి ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. కేరళలో 2018 తర్వాత 2019లో వచ్చింది ఒక్క విద్యార్థికే, ఆ అబ్బాయి బతికాడు. 2021లో పన్నెండేళ్ల పిల్లాడు పోయాడు గానీ, ఇంకెవరికీ పాకలేదు. అంటే చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, పేషెంటును వేరుగా ఉంచితే దాన్ని మనం ఆపగలం. ఇది ముందు చెప్పి అది తర్వాత చెప్పాల్సింది.

చివర్లో మళ్లీ ఆ మొదటి అమ్మాయినే పిలిచి, బొమ్మ ముందు నిలబెట్టాను. ఈసారి లక్షణాలు వేరే చెప్పాను, జ్వరం, కామెర్లు, వాంతులు. తను వెళ్లి చెయ్యి శుభ్రం చేసుకుంది, మాస్కు పెట్టింది, గ్లోవ్స్ వేసుకుంది, అప్పుడు మంచం దగ్గరికి వెళ్లింది. "ఇది నిపా కాదుగా?" అన్నాను ఉడికించడానికి. "ఏదో తెలిసేదాకా ఏదైనా కావచ్చు కదా మేడమ్" అంది, కాస్త కోపంగానే.

ఆ ఏడు నవంబరులో ఒక రాత్రి పదకొండింటికి ఫోను. ఆ అమ్మాయే, మెడికల్ వార్డులో నైట్ పోస్టింగు. గొంతులో హడావుడి. "మేడమ్, నలభై ఏళ్ల ఆయన, పొలం పని. వారంగా జ్వరం, మత్తుగా ఉన్నాడు, దగ్గు కూడా ఉంది. నేను మాస్కు పెట్టుకున్నాను, గ్లోవ్స్ వేసుకున్నాను. మంచం పక్కకి జరిపించాను. ఇప్పుడు ఒళ్లు తుడుస్తుంటే చంక కింద నల్లటి మచ్చ కనబడింది, సిగరెట్టుతో కాల్చినట్టు. చెప్పాలా డాక్టరుగారికి, నవ్వుతారా?"

"పరిగెత్తి చెప్పు" అన్నాను.

అది స్క్రబ్ టైఫస్. చిన్న పురుగు కుట్టినచోట అలా నల్లటి పక్కు కడుతుంది. పరీక్ష రావడానికి ముందే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. మూడో రోజుకు ఆయన లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు. మనిషి నుంచి మనిషికి అంటుకోదది, మాస్కు అక్కర్లేదు.

వారం తర్వాత కాలేజీలో కనబడితే, బీరువా తాళం లేకుండా ఆ రాత్రి మాస్కు ఎక్కడిదని అడిగాను. ల్యాబ్‌లో మిగిలినవి రెండు బ్యాగులో వేసుకుందట. తేదీ దాటినవే.

"డాక్టరుగారు ఏమన్నారు?"

"మొదట విసుక్కున్నారు మేడమ్. నేను ఆ వాక్యం చెప్పాను. కాసేపు ఊరుకున్నారు. తర్వాత మెల్లిగా, ఇంకోటి ఉందా అని అడిగారు."